షౌక్‌కి ఫర్జ్ అని పేరు పెట్టుకున్నాను

పోయిన నెల కర్నూల్లో మా ఖాలా మనవరాలి షాదీకి వెళ్ళాం. ఆడవాళ్ళ దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుంటే మా ఖాలా నా భుజం మీద చెయ్యేసి అందరికీ వినిపించేలా అంది: "మాషాల్లా, ఔరత్ అంటే ఇట్లుండాల. మియాఁ కొండెక్కితే కొండెక్కింది, నీళ్ళల్లో దిగితే నీళ్ళల్లో దిగింది. ఇన్నేళ్ళల్లో ఒక్క షికాయత్ లేదు."

అందరూ నావైపు తారీఫ్‌గా చూశారు. నేనెప్పుడూ చేసే పనే చేశాను. తలొంచుకుని, దుపట్టా సర్దుకుని, చిన్నగా నవ్వాను. ఎదురుగా నా బిటియా తన కొడుక్కి బిర్యానీ తినిపిస్తోంది. చెయ్యి ఆపి ఒక్కసారి నన్ను చూసింది. ఏమీ అనలేదు. ఆ చూపు వల్లే ఇది రాస్తున్నాను.

మా జిందగీ గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మా ఆయన హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ మీద ఒక సెయిలింగ్ క్లబ్‌లో పడవల మరమ్మతు చూస్తారు, పిల్లలకి నేర్పుతారు. డిసెంబర్ నుంచి మార్చి దాకా మేము కశ్మీర్‌లో, గుల్మార్గ్ కింద ఉన్న తంగ్‌మర్గ్‌లో ఉంటాం. అక్కడ ఒక దోస్త్ దుకాణంలో మంచు స్కూటర్లు, స్కీలు బాగుచేస్తారు. మిగతా నెలలు కర్నూల్లో మా సొంత ఇంట్లో. పడవలు, స్కీలు అనగానే పైసలున్నోళ్ళ షౌక్ అనుకుంటారు. మా దగ్గర పైసలెక్కడివి? అవి వేరేవాళ్ళ పడవలు, వేరేవాళ్ళ స్కీలు. మాది ఫౌజీ పెన్షన్, పైన మెకానిక్ కూలి.

ఆయన 1981లో ఫౌజ్‌లో చేరారు, ఈఎంఈలో. బండ్లు, ఇంజన్లు బాగుచేసే విభాగం అది. 1986 చలికాలంలో గుల్మార్గ్‌లోని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌కి పంపారు. 1948లో స్కీ స్కూల్‌గా మొదలైన జాగా అది. మంచు ఎప్పుడూ చూడని కర్నూలు పిల్లగాడు అక్కడ స్కీ నేర్చుకున్నాడు. 1991లో సికింద్రాబాద్ పోస్టింగ్ వచ్చినప్పుడు హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నారు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన ఆ చెరువు మీద, తాగేనీళ్ళ కోసం తవ్విన చెరువు మీద, ఒక రోజు తెరచాపల పోటీలు జరుగుతాయని వాళ్ళు కలలో కూడా అనుకుని ఉండరు.

మా నికా 1988లో అయింది. ఆయన 2005లో రిటైర్ అయ్యారు. ఆ పదిహేడేళ్ళలో మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్న రోజులు ఒకసారి లెక్కేశాను. ఏడాదికి రెండు నెలల సెలవు, మధ్యలో సికింద్రాబాద్ క్వార్టర్లో రెండేళ్ళు. అన్నీ కలిపినా అయిదేళ్ళు కాలేదు. మిగతా కాలమంతా నేను ససురాల్‌లో అత్తకి మందులు, మామకి చపాతీలు, బిటియాకి స్కూలు, ఆయనకి ఖత్. ఫౌజీ బీవీకి సబర్ నేర్పాల్సిన పనిలేదు. సబర్ తప్ప ఇంకేమీ తెలియదు.

రిటైరై వచ్చాక కర్నూల్లో చిన్న రిపేర్ షాపు పెట్టారు. నడవలేదు. 2006లో గుల్మార్గ్ నుంచి పాత దోస్త్ ఫోన్ చేశాడు. గొండోలా రెండో దశ కూడా తెరిచారు, అఫర్వత్ కొండ మీద దాకా పోతోంది, టూరిస్టులు పెరిగారు, నాలుగు నెలలు రా అన్నాడు. జీతం, ఒక గది.

మా ఆయన వెళ్ళాలనే అనుకున్నారు. "నువ్వు ఇక్కడే ఉండు, బిటియాకి మార్చిలో ఇంటర్ సెకండియర్ పరీక్షలు" అన్నారు. నిజంగానే అన్నారు. ఈ మాట నేనెవరికీ చెప్పలేదు. అందరికీ నేను చెప్పింది వేరే: "అక్కడ ఆయనకి అన్నం ఎవరు వండుతారు? ఆ చలిలో ఆయన తబియత్ ఎవరు చూస్తారు? బీవీగా నా ఫర్జ్ కదా."

బిటియాని మా అమ్మీ దగ్గర వదిలాను. ఆ పిల్లకి పదిహేడేళ్ళు. బస్టాండ్‌లో ఏడవలేదు. "ఖుదా హాఫిజ్ అమ్మీ" అని మాత్రం అంది.

ఆయన ఫౌజ్ మెస్‌లో పాతికేళ్ళు తిన్న మనిషి. అన్నం ఆయనకి నాకంటే బాగా వచ్చు.

తంగ్‌మర్గ్ శ్రీనగర్ నుంచి 39 కిలోమీటర్లు. అక్కడి నుంచి దేవదారు చెట్ల మధ్య పదమూడు కిలోమీటర్లు పైకెక్కితే గుల్మార్గ్. మేము వెళ్ళిన వారానికి చిల్లాయి కలాన్ మొదలైంది. డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల గట్టి చలిని అక్కడ అలా అంటారు. తర్వాత ఇరవై రోజులు చిల్లాయి ఖుర్ద్, ఆఖరి పది రోజులు చిల్లాయి బచ్చా. చలికి కూడా పెద్దది, చిన్నది, పసిది అని పేర్లు పెట్టుకున్న ఖౌమ్ వాళ్ళు.

మా ఇంటి ఓనరమ్మని ఆపా అని పిలిచేదాన్ని. నాకు చలికాలం గడపడం ఆమే నేర్పింది. రాత్రి నల్లా పూర్తిగా కట్టేయకూడదు, సన్నగా కారుతూ ఉండాలి, లేకపోతే పైపులో నీళ్ళు గడ్డకడతాయి. ఫెరన్ లోపల కాంగ్డీ ఎలా పట్టుకోవాలో చూపించింది. వెదురులాంటి పుల్లల బుట్టలో మట్టికుండ, అందులో బొగ్గులు. కాలకుండా కడుపు దగ్గర పెట్టుకోవడానికి నాకు నెల పట్టింది. ఎండాకాలంలోనే టమాటా, వంకాయ, సొరకాయ, టర్నిప్ ముక్కలు కోసి దండలు కట్టి ఎండబెట్టుకుంటారు. మనం వడియాలు పెట్టుకున్నట్టే. రోడ్డు మూసుకుపోతే అదే తర్కారీ. నేను కర్నూలు నుంచి తెచ్చిన ఆవకాయలో పల్లీనూనె గడ్డకట్టి తెల్లగా కూర్చుంది. ఆపా దాన్ని చూసి ఇదేం మురబ్బా అనుకుంది. నేను "నక్కో ఆపా" అంటే పడీ పడీ నవ్వేది. మన దక్కనీ ఉర్దూ ఆమెకి పసిపిల్లల మాటలా వినిపించేదట.

మా ఆయన ఒకప్పుడు వర్దీ వేసుకుని అదే కొండల్లో తిరిగిన మనిషి అని ఆపాకి తెలుసు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఇంట్లో కొన్ని మాటలు కాంగ్డీ బొగ్గుల్లా బూడిద కిందే ఉండేవి. అయినా ప్రతి ఉదయం మా గుమ్మం దగ్గర నూన్ చాయ్ ఫ్లాస్కు ఉండేది.

ఫిబ్రవరిలో ఒక జుమ్మా రోజు, దుకాణంలో పని లేదు. ఆయన నా కాళ్ళకి స్కీలు తొడిగారు. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. సల్వార్ మీద ఆయన పాత ఫౌజీ ప్యాంటు, తలకి స్కార్ఫ్, దాని మీద టోపీ. ముందు పడటం నేర్పారు. ముందుకి కాదు, వెనక్కి కాదు, పక్కకి పడాలి. లేచేటప్పుడు స్కీలు కొండకి అడ్డంగా పెట్టుకోవాలి, లేకపోతే లేస్తూనే మళ్ళీ జారిపోతావు. తర్వాత ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి నెమ్మదిగా దిగడం. పొద్దున నుంచి జొహర్ దాకా పడుతూనే ఉన్నాను. జొహర్ తర్వాత ఒకసారి పడలేదు. చిన్న దిబ్బే, మన ఇంటి ముందు వీధంత కూడా ఉండదు. పై నుంచి కింద దాకా వచ్చి ఆగాను. చెవుల్లో గాలి తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆ క్షణంలో నేను ఎవరి బహూ కాదు, ఎవరి బీవీ కాదు, ఎవరి అమ్మీ కూడా కాదు. గట్టిగా నవ్వాను. ఇంత గట్టిగా నవ్వడం నాకు వచ్చని నాకే తెలియదు. "ఫిర్ సే" అన్నాను.

అదే ఫిబ్రవరిలో బరఫ్ పడి రోడ్డు మూసుకుపోయింది. మన ఊరి ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో అప్పట్లో పనిచేసేది కాదు. వారానికి ఒకసారి బజారులో ఫోన్ బూత్ నుంచి చేసేదాన్ని. ఆ లైన్ కూడా పోయింది. తొమ్మిది రోజులు కర్నూలుకి ఫోన్ చేయలేకపోయాను. ఆ తొమ్మిది రోజుల్లో బిటియాకి టైఫాయిడ్ వచ్చింది. లైన్ వచ్చాక కూడా మా అమ్మీ చెప్పలేదు. "సబ్ ఖైరియత్" అంది. మార్చిలో నీరసంగానే పరీక్షలు రాసింది. ఫిజిక్స్ పోయింది. సప్లిమెంటరీ రాసింది, కానీ అనుకున్న ఇంజనీరింగ్ సీటు ఆ ఏడాది చేజారింది. నాకు ఇదంతా ఏప్రిల్లో ఇంటికొచ్చాక తెలిసింది.

తెలిశాక నేనేం చేశాను? ఏడ్చాను. "ఏం చేయను బేటా, మీ అబ్బాని ఒంటరిగా పంపలేను కదా" అన్నాను. మళ్ళీ అదే మాట. తర్వాత డిసెంబర్‌లో మళ్ళీ వెళ్ళాను.

అలా మొదలైంది. వానాకాలాల్లో హుస్సేన్ సాగర్. జూలైలో అక్కడ గాలి బాగుంటుంది, పెద్ద పోటీలన్నీ ఆ రోజుల్లోనే. చుట్టూ బిల్డింగులు కాబట్టి గాలి ఒక్కచోట నిలవదు, దిక్కు మారుస్తూ ఉంటుంది. నేనూ నేర్చుకున్నాను. అక్కడ కూడా మొదటి పాఠం పడటమే. పడవని కావాలని బోల్తా కొట్టిస్తారు. నీళ్ళలో ఈదుకుంటూ పడవ అడుగుకి వెళ్ళి, కిందికి దించే పలక మీద నిలబడి, అంచు పట్టుకుని ఒళ్ళంతా వెనక్కి వాల్చితే పడవ లేస్తుంది. హుస్సేన్ సాగర్ నీళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఇంటికొచ్చి మూడుసార్లు గుసుల్ చేసినా వాసన పోలేదు. గాలికి ఎదురుగా పడవ నేరుగా పోదు. అటు కొంత, ఇటు కొంత, మెలికలు తిరుగుతూ పోవాలి. షీట్ అంటే గుడ్డ కాదు, తెరచాపని లాగే తాడు. ఆ తాడు పట్టుకుంటే గాలి బలం నేరుగా నా చేతిలోకి వచ్చేది. పొరుగువాళ్ళు "ఈ ఉమర్‌లో ఇదేం పని" అన్నారు. నేను "పిల్లలకి నేర్పేటప్పుడు ఆయనకి తోడు ఉండాలి కదా" అన్నాను.

చూశారా, ప్రతిసారీ ఆయన పేరే.

పోయిన జనవరిలో, సంక్రాంతి సెలవులకి, బిటియా మొదటిసారి తంగ్‌మర్గ్ వచ్చింది, ఆరేళ్ళ నా నవాసాతో. ఇన్నేళ్ళు పిలుస్తూనే ఉన్నాను, ఏదో ఒక బహానా చెప్పేది. ఈసారి వాడు బరఫ్ చూస్తానని ఒకటే జిద్. కొత్త టోపీ, చేతులకి గ్లవ్స్ కొనుక్కుని వచ్చాడు.

2024 జనవరి ఎలాంటిదో గుర్తుందా? గుల్మార్గ్‌లో బరఫ్ లేదు. మధ్యధరా సముద్రం దిక్కు నుంచి వచ్చే మబ్బులే అక్కడ మంచు కురిపిస్తాయి, టీవీలో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు. ఆ మబ్బులు ఆ డిసెంబర్‌లో, జనవరిలో సరిగా రాలేదు. చిల్లాయి కలాన్ మధ్యలో మైదానమంతా ఎండిన గడ్డి. మసీదుల్లో ప్రత్యేకంగా దువాలు చేశారు. ఫిబ్రవరి మొదట్లో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ కూడా వాయిదా వేశారు. మా దోస్త్ దుకాణంలో స్కీలు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి, అద్దెకి అడిగేవాళ్ళు లేరు.

నవాసా ఆ గోధుమరంగు మైదానంలో నిలబడి, "నానా, బరఫ్ ఎక్కడ?" అన్నాడు. మా ఆయన దగ్గర జవాబు లేదు. వాణ్ణి దుకాణంలోకి తీసుకెళ్ళి స్కీ బైండింగ్ ఎలా పనిచేస్తుందో చూపించారు. బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు అది. మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, ఎంత బాగా జారగలడు, ఇవన్నీ చూసి నంబర్ పెడతారు. నంబర్ తక్కువైతే మలుపు దగ్గరే ఊడిపోతుంది. ఎక్కువైతే పడినప్పుడు ఊడదు, కాలు విరుగుతుంది. బిటియా గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి బుఖారీ పక్కన మేమిద్దరమే కూర్చున్నాం. నవాసా నిద్రపోయాడు. బిటియా కిటికీలోంచి బయటికి చూస్తూ అంది: "అమ్మీ, ఈ మట్టి కోసమా నన్ను వదిలేసి వచ్చావు?"

ఎప్పటి మాట నోటిదాకా వచ్చింది. మీ అబ్బాకి అన్నం... అని. బుఖారీ మీద డేగ్చీలో ఆయనే వండిన అన్నం ఉంది.

"మీ అబ్బా నన్ను రమ్మనలేదు బేటా" అన్నాను. "నీ పరీక్షలున్నాయి, ఉండిపో అన్నారు. నేనే వచ్చాను. పదిహేడేళ్ళు ఆయన కోసం కాచుకున్నాను, ఇంక కాచుకోలేకపోయాను. వచ్చాక ఈ జాగా కూడా నచ్చింది. నీకు జ్వరమొచ్చిన రోజుల్లోనే నేను ఆ దిబ్బ మీద స్కీ నేర్చుకుంటున్నాను. నవ్వుతున్నాను."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఇన్నేళ్ళు నాకు అబ్బా మీద గుస్సా ఉండింది అమ్మీ. ఆయనే నిన్ను లాక్కెళ్ళాడని."

ఈ మాట నా లెక్కలో ఎప్పుడూ లేదు. నా ఫర్జ్ కథకి కిరాయి ఎవరు కట్టారో ఆ రాత్రి తెలిసింది. పదిహేడేళ్ళు ఆ మనిషి తన కూతురి ముందు కుసూర్‌వార్‌గా నిలబడ్డాడు. ఆయనకి తెలుసో లేదో. తెలిసే ఉంటుంది. ఒక్కరోజు కూడా "నేను వద్దనే అన్నాను" అని ఆమెతో అనలేదు.

నేను మాఫీ అడిగాను. బిటియా "ఇప్పుడే చెప్పలేను" అంది. సరే అన్నాను. మాఫీ అడగడం వరకే నా చేతిలో ఉంది, ఇవ్వడం ఆమె చేతిలో ఉంది. పొద్దున లేచి వాళ్ళ అబ్బా కప్పులో చాయ్ తనే పోసింది. చక్కెర ఎంత వేయాలని ఆయన్నే అడిగింది. ఆ ఇంట్లో అంతకుమించి ఏమీ జరగలేదు.

వాళ్ళు 21న వెళ్ళిపోయారు. వారం దాటాక మబ్బులొచ్చాయి, నెలాఖరుకి గుల్మార్గ్ తెల్లబడిపోయింది. నవాసాకి వీడియో పంపాను. "నానీ, నేను వెళ్ళేదాకా ఆగిందా?" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

ఇప్పుడు అసలు సిగ్గుపడే సంగతి. అంత రాత్రి అంతగా ఒప్పుకున్నదాన్ని, మొన్న షాదీలో మా ఖాలా తారీఫ్ చేస్తే మళ్ళీ తలొంచుకుని నవ్వాను. నోరు పెగల్లేదు. నలుగురిలో "నాకిష్టమై వెళ్ళాను" అనడం అంత కష్టం. మన ఇళ్ళల్లో ఆడదాని సబర్‌కి ఉన్న ఇజ్జత్ ఆమె షౌక్‌కి లేదు. అది నిజమే. కానీ ఆ ఇజ్జత్ కోసం నేను చెప్పిన అబద్ధం నా ఇంట్లో ఇద్దరి మధ్య గోడ కట్టింది. నేను బిటియాని వదిలి వెళ్ళడం ఒక తప్పు. దానికి వాళ్ళ అబ్బా పేరు పెట్టడం ఇంకో తప్పు. మొదటి దానికి ఏదో ఒక మజ్బూరీ చెప్పుకోవచ్చు. రెండో దానికి ఏమీ లేదు.

ఖాలా, మీ మనవరాళ్ళు ఎవరైనా ఇది చదివి మీకు వినిపిస్తారని నాకు తెలుసు. మీరు చేసిన తారీఫ్ నాది కాదు. అది ఆయనకి ఇచ్చేయండి.

డిసెంబర్ వస్తోంది. మా ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. ఈ ఏడు వద్దులే, కర్నూల్లోనే ఉందాం అంటున్నారు. నేను వెళ్దామంటున్నాను. ఆయన రాకపోతే ఒక నెల నేనొక్కదాన్నే వెళ్ళి ఆపా దగ్గర ఉండి వస్తానన్నాను. ఆయన నవ్వి, "అన్నం నేను వండుకుంటాలే" అన్నారు.

మొన్న బిటియా ఫోన్ చేసింది. "ఈసారి అందరికీ ఏమని చెప్పి వెళ్తావు అమ్మీ?" అని అడిగింది. గొంతులో కొంచెం నవ్వు ఉందనిపించింది, నా వహమ్ కూడా కావచ్చు. "బరఫ్ చూడాలనుంది, అందుకే వెళ్తున్నా అని చెప్తా" అన్నాను.

ఆపా కోసం ఆవకాయ పక్కన పెట్టాను. ఈసారి నువ్వులనూనెతో పెట్టాను. అది అంత త్వరగా గడ్డకట్టదు.